“ఈజ్ నాట్ టు బ్లేమ్” అంటే నిందించకూడదనా, తప్పు లేదనా?

శెనక్కాయల_చేను
ఇంగ్లీషు బాగా తెలిసినవారు, అంతకంటే ముఖ్యంగా తెలుగు బాగా తెలిసినవారు ఒక వాక్యం విషయంలో నాకు సాయం చేయాలని కోరుతున్నాను. నేను అనంతపురంలో ఒక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మా గోదాములో ఉంచిన కదిరి-6 వేరుశనగ విత్తనాలు 11 బస్తాలు మొన్నటి వానకు తడిసిపోయాయి. పైకప్పు రేకు పగిలి ఉందని వాచ్‌మన్ అంతకు ముందే రెండుసార్లు రిజిస్టరులో రాయించాడు. విచారణ జరిగింది, అధికారి ఇంగ్లీషులో నివేదిక ఇచ్చారు. అందులో చివరి వాక్యం “ది వాచ్‌మన్ ఈజ్ నాట్ టు బ్లేమ్” అని ఉంది.

నివేదిక సారాంశాన్ని తెలుగులో రాసి వాచ్‌మన్‌కు ఇచ్చే పని నాకు అప్పగించారు. నేను “వాచ్‌మన్ నిందించరాదు” అని రాశాను. ఆయన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, కూడబలుక్కుని చదివి, కాసేపు ఊరుకుని, “నేనెవుర్ని ఏమంటి సార్?” అని అడిగాడు. రేకు సంగతి రిజిస్టరులో రాయించినందుకే, ఇకమీదట నోరెత్తవద్దని పైవాళ్లు తనను హెచ్చరించారని ఆయన అర్థం చేసుకున్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పొరపాటు నాదేనని తెలుసు, కాని ఎక్కడ జరిగిందో తెలియడం లేదు. ‘టు’ తర్వాత క్రియ వస్తే ‘చేయుటకు’ అనే అర్థమని కదా మనం చిన్నప్పటి నుంచి చదువుకున్నది? కాగితాన్ని తిరిగి రాసి ఇవ్వాలి. ఈ వాక్యానికి సరైన తెలుగు ఏమిటి?

తుంగభద్ర_గట్టు
“వాచ్‌మన్‌ను నిందించరాదు” అని ఉండాలి. ‘ను’ ఒక్కటి పడిపోయింది, దానితో అర్థం తలకిందులైంది.

ఒంటిమిట్ట_మాస్టారు
తుంగభద్ర_గట్టు గారు చేసిన దిద్దుబాటు సరైన దారిలోనే ఉంది. కాని ఆ ‘ను’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఇదే పొరపాటు రేపు మరో కాగితంలో జరుగుతుంది. నేను ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మన ఊళ్లలో ఖాళీ ఇళ్లకు ‘టు లెట్’ అని బోర్డు వేలాడదీస్తారు. ‘లెట్’ అంటే అద్దెకు ఇవ్వడం. ఆ బోర్డు చూసి, ఈ ఇల్లు ఎవరికో దేన్నో అద్దెకు ఇస్తుందని ఎవరూ అనుకోరు, ఇంటినే అద్దెకు ఇస్తారని పసిపిల్లలకు కూడా తెలుసు. క్రియ రూపం మాత్రం ఇల్లే ఆ పని చేస్తున్నట్టు ఉంటుంది. ‘టు బ్లేమ్’ కూడా ఆ కోవకు చెందినదే. ‘హి ఈజ్ టు బ్లేమ్’ అంటే అతడు ఎవరినో ఏదో అనాలని కాదు, తప్పు అతడిదని. ఇంగ్లీషులో ఒకప్పుడు ఈ రకం ప్రయోగాలు విరివిగా ఉండేవి. తర్వాతి కాలంలో చాలాచోట్ల ‘టు బి’ చేర్చి చెప్పడం వాడుకైంది గాని, ‘టు లెట్’, ‘టు బ్లేమ్’ వంటి కొన్ని మాత్రం పాత రూపంలోనే నిలిచిపోయాయి.

శెనక్కాయల_చేను గారు మరీ కుమిలిపోవలసిన పని లేదు. 16, 17 శతాబ్దాలలో ఇంగ్లీషువారు కొందరు ఈ ‘టు’ను గుర్తుపట్టలేక, ‘మరీ’ అనే అర్థం గల ‘టూ’ అనుకుని, ‘బ్లేమ్’ను ‘తప్పు గలవాడు’ అనే విశేషణంగా భావించి రాశారు. సొంత భాషవారే తడబడిన చోటు అది.

నల్లమల_నీడ
టు లెట్ బోర్డు ఉదాహరణ బాగా పట్టుబడింది. అయితే ‘హి ఈజ్ టు బి బ్లేమ్‌డ్’ అని రాస్తే తప్పవుతుందా మాస్టారూ?

ఒంటిమిట్ట_మాస్టారు
తప్పు కాదు, కాని బరువు మారుతుంది. ‘టు బ్లేమ్’లో తప్పు ఎవరిదో తేల్చి చెప్పడమే ప్రధానం. ‘టు బి బ్లేమ్‌డ్’ అన్నప్పుడు అతడిని నలుగురూ అనాలి, అనవలసిందే అనే ధ్వని ముందుకు వస్తుంది. విచారణాధికారి మొదటి రూపాన్ని ఎంచుకోవడం ఉచితంగా ఉంది.

గండికోట_అంచు
నేను తుంగభద్ర_గట్టు గారితోనూ, మాస్టారితోనూ ఒక విషయంలో విభేదిస్తున్నాను. ‘ను’ చేర్చినా ఆ వాక్యం ఆ పెద్దాయనకు న్యాయం చేయదు. “వాచ్‌మన్‌ను నిందించరాదు” అనేది మిగతావారికి ఇచ్చిన ఆజ్ఞ. తప్పు చేసినా పేదవాడు, పెద్దవాడు, పోనీలే అని జాలిపడి చెప్పిన మాటలా కూడా అది వినిపిస్తుంది. తప్పు ఆయనది కాదన్న సంగతి అందులో ఎక్కడా లేదు. నివేదిక చెప్పినదేమో ఆ సంగతినే.

రెండవది, ‘నింద’ అన్న మాట. వినాయక చవితి నాడు చంద్రుడిని చూస్తే నీలాపనిందలు వస్తాయని మనం అక్షింతలు వేసుకుని కథ వింటాం. శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి శ్రీకృష్ణుడే చంపించాడని సత్రాజిత్తు అన్నాడు. నిజానికి ప్రసేనుణ్ణి చంపింది సింహం, ఆ సింహాన్ని చంపి మణిని తీసుకున్నది జాంబవంతుడు. ఏటేటా ఈ కథ వింటూ పెరిగిన మన చెవికి ‘నింద’ అనగానే చేయని తప్పు నెత్తిన పడటమే గుర్తుకు వస్తుంది. నిజంగా దొంగతనం చేసి పట్టుబడినవాడిని “నింద పడ్డాడు” అని మనం అనం, “దొరికిపోయాడు” అంటాం. ఇంగ్లీషు ‘బ్లేమ్’కు ఈ పరిమితి లేదు. తప్పు చేసినవాడికీ, చేయనివాడికీ అది సమానంగా తగులుతుంది. కాబట్టి ‘బ్లేమ్’ కనిపించిన ప్రతిచోటా ‘నింద’ పెట్టడం మానుకోవాలని నా అభిప్రాయం.

కోర్టు_మెట్లు
గండికోట_అంచు గారి రెండవ వాదాన్ని నేను అంగీకరించలేను. కర్నూలులో ప్రతిరోజూ కోర్టులో ‘అక్యూజ్‌డ్’ను ‘నిందితుడు’ అనే రాస్తున్నాం, ‘కన్విక్ట్’ను ‘దోషి’ అంటున్నాం. ‘నింద’ అంటేనే అబద్ధమైతే నిందితులందరూ నిర్దోషులు కావాలి కదా?

ఈ సందర్భంలో మరో తేడా కూడా చెప్పాలి. ‘అక్యూజ్’, ‘చార్జ్’, ‘బ్లేమ్’ మూడింటినీ మనవాళ్లు ఒకే గాటన కడుతున్నారు. ‘అక్యూజ్’ అంటే ఫలానా పని నువ్వు చేశావని ఒకరు అనడం, దాని తర్వాత ‘ఆఫ్’ వస్తుంది. ‘చార్జ్’ అంటే ఆ మాట అధికారికంగా కాగితం మీదికి ఎక్కడం, దాని తర్వాత ‘విత్’ వస్తుంది. ‘బ్లేమ్’కు నేరం జరిగి ఉండవలసిన అవసరమే లేదు. జరిగిన నష్టానికి కారణం ఎవరు, ఏది అని చూపడమే దాని పని, తర్వాత ‘ఫర్’ వస్తుంది. అందుకే ఇంగ్లీషులో పంట పోయిందని వానను ‘బ్లేమ్’ చేయవచ్చు గాని, వానను ‘అక్యూజ్’ చేయడం కుదరదు. అది మనిషికి మాత్రమే చెల్లుతుంది.

చట్టంలో నాలుగో మాట ఒకటి ఉంది, ‘ఇంప్యుటేషన్’. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో పరువు నష్టం గురించి చెప్పే 499వ సెక్షను ఆ మాట మీదే నడిచింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షను అయింది. దానికి ‘ఆపాదన’ అన్నది చక్కటి తెలుగు.

గండికోట_అంచు
నిందితుడంటే తప్పు ఇంకా రుజువు కానివాడు. రుజువైన మరుక్షణం మీరే ఆ మాట వదిలేసి ‘దోషి’ అంటున్నారు. మీ ఉదాహరణ నా వాదానికే బలం చేకూరుస్తోంది.

కోర్టు_మెట్లు
రుజువు కానిదీ, అబద్ధమైనదీ ఒకటి కావు. ‘నింద’ అబద్ధమని నేను ఒప్పుకోను, తేలని మాట అని మాత్రం ఒప్పుకుంటాను. అయితే ఈ కాగితంలో విచారణ ముగిసి తేలిపోయిన విషయం రాస్తున్నారు కనుక, ఇక్కడ ‘నింద’ వద్దనడానికి నాకు అభ్యంతరం లేదు.

పాత_ఫైలు
కడపలో ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఇంత చర్చ అవసరం లేదని నాకు అనిపిస్తోంది. కార్యాలయ భాషలో దీనికి “వాచ్‌మన్ బాధ్యుడు కాడు” అని రాస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగులకు వర్తించే 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమావళిలో 20వ నియమం కింద ఛార్జ్ మెమో ఇచ్చేటప్పుడు, అభియోగాలు ఒక పత్రంలోనూ, కోర్టు_మెట్లు గారు చెప్పిన ఆ ‘ఇంప్యుటేషన్’ల వివరణ మరో పత్రంలోనూ జతపరుస్తారు. అభియోగం, వివరణ, విచారణ, ఆ తర్వాత బాధ్యుడు అవునో కాదో తేల్చడం, ఇదే వరుస. అనుభవం ఉన్నవారు పెట్టిన దారి ఉండగా కొత్త దారి వెతకడం దేనికి?

పెన్నా_ఇసుక
పాత_ఫైలు గారూ, ఆ పెద్దాయన స్థానంలో కూర్చుని మీ వాక్యాన్ని ఒకసారి చదవండి. గోదాముకు కాపలా ఉండటమే ఆయన బాధ్యత. “వాచ్‌మన్ బాధ్యుడు కాడు” అని రాసి ఇస్తే, గోదాము బాధ్యత నుంచి తనను తప్పించారని, అంటే ఉద్యోగం పోయిందని ఆయన అనుకోడా? మొదటి కాగితం నోరు మూసుకోమన్నట్టు ఉంది, ఈ రెండో కాగితం ఇంటికి వెళ్లమన్నట్టు ఉంటుంది.

మా నాన్నగారు ఒక మిల్లులో లెక్కలు రాసేవారు. ఒకసారి నగదు తగ్గినప్పుడు “ఈ విషయానికి గుమాస్తా బాధ్యుడు కాడు” అని యజమాని రాసి ఇచ్చారు. అది మంచి మాటేనని తెలియడానికి మా నాన్నగారికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగింది గాని, ఎవరూ సరిగా అన్నం తినలేదు.

పాత_ఫైలు
ఈ కోణం నాకు తట్టలేదు. ‘రెస్పాన్సిబుల్’ అనే ఇంగ్లీషు మాటలోనూ అదే చిక్కు ఉంది. పని చూసుకునేవాడినీ అదే అంటారు, పని చెడగొట్టినవాడినీ అదే అంటారు. తెలుగులో ‘బాధ్యుడు’ ఆ చిక్కును అలాగే మోసుకు తిరుగుతోంది. ఫైలులో ఉండిపోయే కాగితానికైతే నా మాట చెల్లుతుంది, మనిషి చేతికి ఇచ్చే కాగితానికి చెల్లదు.

పసుపు_కొమ్ము
ఇక్కడ అందరూ నింద, అభియోగం, ఆపాదన అని పెద్ద మాటలు తీస్తున్నారు గాని, మన ఇళ్లలో ‘బ్లేమ్’కు రోజూ వాడే మాట ఒకటి ఉంది. దాన్ని ఎవరూ ఎత్తలేదు. ఆ పెద్దాయన నోటి నుంచి వచ్చింది అదే మాట, ‘అనడం’.

“నన్నంటే ఏం లాభం?”, “నన్ను అనొద్దు”, “వాళ్లనేం అనేది లేదు, తప్పు మనదే” అని మనం రోజుకు పదిసార్లు అంటాం. ఇక్కడ ‘అనడం’ అంటే పలకడం కాదు, తప్పు పట్టడం. దీనికి తోడు ‘మాట రావడం’, ‘మాట పడటం’ ఉన్నాయి. ప్రొద్దుటూరులో మా ఆడపడుచు పెళ్లి అయిన మర్నాడు, అద్దెకు తెచ్చిన వంటపాత్రలు తిరిగి పంపేటప్పుడు, మా అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టి గంగాళాలు, గరిటెలు, స్టీలు బకెట్లు ఒక్కొక్కటీ తిప్పి చూపిస్తూ లెక్క పెట్టించారు. ఒక గరిటె మొదటి నుంచీ సొట్టపోయి ఉందని ఆటో అతనికి కూడా చూపించి, “రేపు నాకు మాట రాకూడదమ్మా” అన్నారు. ఇంగ్లీషులో దాన్ని చెప్పాలంటే ‘బ్లేమ్’ తప్ప వేరే మాట లేదు. తెలుగులో మాత్రం అక్కడ నింద లేదు, ఆరోపణ లేదు, ఉన్నది ‘మాట’ ఒక్కటే. ఆ పెద్దాయన కూడా రేకు సంగతి రాయించింది రేపు తనకు మాట రాకూడదనే కదా.

ఒంటిమిట్ట_మాస్టారు
పసుపు_కొమ్ము గారు చెప్పింది ఈ చర్చలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. ‘ఐ డోంట్ బ్లేమ్ యు’ అనే వాక్యాన్ని పిల్లలు “నేను నిన్ను నిందించను” అని రాస్తే నేను మార్కులు వేసేవాడిని. ఇప్పుడు ఆలోచిస్తే “నిన్ను అని ఏం లాభం”, “నీ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు” అన్నవే దానికి దగ్గర.

బురుజు_కింద
‘బ్లేమ్’ తర్వాత ‘ఆన్’ రావచ్చా, రాకూడదా? మా ఆఫీసులో ఒకరు “హి బ్లేమ్‌డ్ ఆన్ మి” అని మెయిల్ పంపితే పెద్ద తగవైంది. అది తప్పని ఒకరు, వాడుకలో ఉందని మరొకరు వాదించుకున్నారు.

ఒంటిమిట్ట_మాస్టారు
రెండు దారులు ఉన్నాయి. మనిషిని ముందు పెడితే ‘హి బ్లేమ్‌డ్ మి ఫర్ ది డిలే’. జరిగిన పనిని ముందు పెడితే ‘హి బ్లేమ్‌డ్ ది డిలే ఆన్ మి’. రెండవదాన్ని వెనకటి వ్యాకరణ పండితులు కొందరు ఒప్పుకోలేదు గాని, ఇప్పుడు అది పూర్తిగా శిష్ట వ్యవహారంలోనిదే. మీ ఆఫీసు మెయిల్‌లో లోపం ‘ఆన్’ కాదు, దేన్ని నెట్టాడో చెప్పకపోవడం. “నా మీదికి నెట్టాడు” అని తెలుగులో ఆపితే వినేవారు మిగతాది ఊహించుకుంటారు, ఇంగ్లీషు అంత ఉదారంగా ఉండదు. ‘హి బ్లేమ్‌డ్ దట్ ఐ వాజ్ లేట్’ అని ‘దట్’ చేర్చి రాయడం కూడా మనవాళ్లలో ఎక్కువ. “అని” అనే మాట మన నాలుక మీద ఉండటం వల్ల అది వస్తోంది. ‘బ్లేమ్’ ఆ ‘దట్’ను మోయదు.

నల్లమల_నీడ
విషయానికి దగ్గరిదే కనుక అడుగుతున్నాను. ఇలాంటి సందర్భాల్లో చిన్న ఉద్యోగి మీదికి తప్పు తోసేస్తే ‘స్కేప్‌గోట్’ చేశారంటారు, పత్రికల్లో ‘బలిపశువు’ అని రాస్తారు. రెండూ ఒకటేనా?

చర్చి_గంట
ఒకటి కావు. ఆ మాట పుట్టింది బైబిలు నుంచి, లేవీయకాండము 16వ అధ్యాయం నుంచి. అక్కడ రెండు మేకలు ఉంటాయి. చీట్లు వేసి ఒకదాన్ని బలి ఇస్తారు. యాజకుడు రెండవ మేక తల మీద రెండు చేతులూ ఉంచి, ప్రజలందరి పాపాలనూ ఒప్పుకుని, వాటిని దాని మీద మోపి, దాన్ని ప్రాణంతోనే అరణ్యంలోకి పంపించివేస్తాడు. 1530లో విలియం టిండేల్ ఇంగ్లీషులోకి అనువదిస్తూ ఆ రెండవ మేకకు ‘స్కేప్‌గోట్’ అనే మాట కల్పించాడు. ‘స్కేప్’ అంటే తప్పించుకుని పోవడం. బలిపశువు మొదటి మేక, స్కేప్‌గోట్ రెండవ మేక.

మన జాతరలో కోసే పొట్టేలు మీద ఎవరూ పాపం మోపరు, అది మొక్కు చెల్లించడం. కాబట్టి ‘బలిపశువు’లో ప్రాణం పోవడం కనిపిస్తుంది గాని, ఒకరి తప్పు మరొకరి నెత్తిన పెట్టడం కనిపించదు.

తుంగభద్ర_గట్టు
అయినా పత్రిక చదివే ప్రతివాడికీ ‘బలిపశువు’ అంటే ఏమిటో తెలుసు. వాడుకలో స్థిరపడిన మాటను ఇప్పుడు తీసేయలేం.

చర్చి_గంట
తీసేయమనడం లేదు. చిన్న ఉద్యోగి మీదికి తోసినప్పుడు జరిగేది రెండవ మేకకు జరిగినదే. అతడిని చంపరు, బరువంతా నెత్తిన పెట్టి దూరంగా పంపించేస్తారు. బదిలీ కాగితం చేత పట్టుకుని వెళ్లినవారిని చూసినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

పాత_ఫైలు
నిన్న సాయంత్రం ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి నిఘంటువులు తిరగేశాను. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, ఇక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తెలుగు గ్రంథాలు పరిష్కరింపజేసిన బ్రౌన్ దొర కూడా ఇంగ్లీషు మాటలకు ఏ తెలుగు పెట్టాలో ఇలాగే తర్జనభర్జన పడి ఉంటాడని అనిపించింది. నిఘంటువు మాటలను పక్కపక్కన పేర్చి ఇస్తుంది, ఏది ఎవరి చేతికి వెళ్లే కాగితంలో ఉండాలో అది చెప్పలేదు. నేను పెన్నా_ఇసుక గారి పక్షానికి వచ్చాను. “తప్పు లేదు” అని రాయండి.

ఒంటిమిట్ట_మాస్టారు
పాత_ఫైలు గారు నిఘంటువు ప్రస్తావన తెచ్చారు కనుక ఒక్క మాట. ‘బ్లేమ్’ పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది, దాని మూలం గ్రీకు. దైవదూషణ అనే అర్థం గల ‘బ్లాస్ఫెమీ’ కూడా ఆ మూలం నుంచే వచ్చింది. అంటే ఈ మాట పుట్టుకలోనే చెడ్డగా పలకడం ఉంది. మన ‘అనడం’, ‘మాట రావడం’ కూడా పలకడం నుంచే వచ్చాయి.

శెనక్కాయల_చేను
అందరి సలహాలూ రెండేసి సార్లు చదివి ఈ వాక్యం రాశాను: “విత్తనాల బస్తాలు తడిసిన విషయంలో వాచ్‌మన్ తప్పు ఏమీ లేదని విచారణలో తేలింది.” ఎవరికైనా అభ్యంతరం ఉంటే దయచేసి ఈ రాత్రికే చెప్పండి.

పెన్నా_ఇసుక
వాక్యం చక్కగా ఉంది. రేకు పగిలిన సంగతి ఆయన ముందే రెండుసార్లు తెలియజేశాడని కూడా చేర్చండి. ఆయనకు కావలసింది ఆ మాటే.

కోర్టు_మెట్లు
మూలంలో లేనిది అనువాదంలో చేర్చకూడదు. ఎంత మంచి ఉద్దేశంతో చేర్చినా అది రేపు చిక్కు తెస్తుంది.

శెనక్కాయల_చేను
మూలంలో ఉంది. నివేదిక 3వ పేజీలో రిజిస్టరు నమోదుల తేదీలతో సహా రాశారు. సారాంశం క్లుప్తంగా ఉండాలని నేనే దాన్ని వదిలేశాను. ఇప్పుడు దాన్ని ముందు పెట్టి, తప్పు లేదన్న వాక్యాన్ని దాని కింద రాస్తాను.

పసుపు_కొమ్ము
ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పండి. “నిన్నెవరూ ఏమనలేదు పెద్దాయనా” అంటే చాలు.

శెనక్కాయల_చేను
ఈ మధ్యాహ్నం కాగితం ఇచ్చాను. పాతది అడిగి వెనక్కి తీసుకున్నాను, అందులో రాసింది నా పొరపాటని చెప్పాను. పసుపు_కొమ్ము గారు చెప్పమన్న మాట కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు గాని, కాగితం చదివేదాకా ఏమీ మాట్లాడలేదు. ‘తప్పు ఏమీ లేదని’ అన్న చోట వేలు పెట్టి ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత, “ఇది నాకేనా సార్, ఆఫీసులో పెట్టుకుంటారా?” అని అడిగాడు. ఆయనకేనని చెప్పాను. నాలుగు మడతలు పెట్టి, రేషను కార్డు ఉంచుకునే ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు.

రేకు ఇంకా మార్చలేదు. దాని గురించి ఆయన ఈ రోజు మూడోసారి రిజిస్టరులో రాయించాడు. కింద నేను కూడా సంతకం పెట్టాను.